పెద్దపండగకి ఇల్లు నిండేలోపు టీకా కార్డు ఒకసారి తియ్యండి

మా శ్రీకాకుళం వైపు పెద్దపండగ వచ్చిందంటే చెన్నై వెళ్లినోళ్లు, హైదరాబాద్ బిల్డింగ్ పనులకి వెళ్లినోళ్లు అందరూ పిల్లల్తో సహా ఒకేసారి దిగిపోతారు, ఇంట్లో సంటిబిడ్డ ఉంటే ఇక ఆ బిడ్డ ఉయ్యాల్లో ఉండదు, ఒక ఒళ్లోంచి ఇంకో ఒళ్లోకి తిరుగుతానే ఉంటాది. రెండేళ్ల కిందట మా అప్ప (అక్క) రెండోవాడు అలాగే తిరిగాడు, అప్పటికి వాడికి అయిదు వారాలు. మా అమ్మకి నెల్రోజుల్నుంచి దగ్గు, మంచుకి పట్టిందిలే అనుకున్నాం. పెద్దోడికి నాలుగేళ్లు, వాడూ రాత్రిళ్లు దగ్గేవాడు. పండగ వెళ్లిన వారానికి సంటోడు పాలు తాగుతా తాగుతా ఆగిపోయి మొహం నల్లగా కమిలిపోయింది, దగ్గు శబ్దం కూడా పెద్దగా లేదు. దగ్గర్లో చూపిస్తే జలుబన్నారు, సిరప్ ఇచ్చి పంపించారు, రెండుసార్లు. మూడోసారి పెద్దాసుపత్రికి పరిగెత్తాం, తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. దేవుడి దయ, ఇప్పుడు ఊరంతా తిరిగేస్తన్నాడు. అది కోరింత దగ్గు. అందుకే ఇది రాస్తన్నాను, ఏం చూసుకోవాలో, ఎలా చేసుకోవాలో.

ముందు దగ్గుని గుర్తుపట్టడం. మొదటి వారం పదిరోజులు ఉత్త జలుబే, ముక్కు కారడం, కొంచెం దగ్గు, ఎవరికీ అనుమానం రాదు, కానీ అప్పుడే ఎక్కువగా అంటేస్తాది. తర్వాత తెరలు తెరలుగా వస్తాది, ఊపిరి తీసుకునే సందివ్వకుండా పది పదిహేను దగ్గులు వరసగా, మొహం ఎర్రబడి కళ్లమ్మట నీళ్లొచ్చి, ఆఖర్న కూ... మని గట్టిగా ఊపిరి లోపలికి లాగుతారు, చాలాసార్లు వాంతి కూడా అవుతాది. మధ్యలో చూస్తే బిడ్డ బాగానే ఆడుకుంటా ఉంటాది, డాక్టర్ దగ్గరకి వెళ్లిన టైమ్‌లో దగ్గనే దగ్గదు. అందుకని రాత్రి తెర వచ్చినప్పుడు ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి, అది చూపిస్తే డాక్టర్‌కి సగం పని అయిపోతాది.

ఆర్నెల్లలోపు బిడ్డకి మాత్రం ఈ కూత రాకపోవచ్చు, ఊపిరి ఆగిపోవడమే లక్షణం. పెదాలు నీలంగా మారినా, పాలు తాగకపోయినా, ఫిట్స్ వచ్చినా, కొన్ని క్షణాలు ఊపిరి ఆగినా 108కి ఫోన్ చెయ్యండి, తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. పెద్దవాళ్లకైతే వారాల తరబడి పోని దగ్గులాగే ఉంటాది, వాళ్లు తిరుగుతానే ఉంటారు, వాళ్ల దగ్గర్నుంచే సంటిబిడ్డకి చేరుతాది.

ఇది బాక్టీరియా వల్ల వచ్చేది, కాబట్టి డాక్టర్ యాంటిబయాటిక్ రాస్తారు, ఎక్కువగా అజిత్రోమైసిన్ అయిదు రోజులు. తొందరగా మొదలెడితే జబ్బు తీవ్రత తగ్గుతాది, ఆలస్యమైతే దగ్గు వారాలపాటు సాగుతాది గానీ మందు మొదలెట్టిన అయిదు రోజులకి ఇంకొకరికి అంటడం ఆగుతాది. ఆ అయిదు రోజులూ పిల్లాడిని అంగన్‌వాడీకి, బడికి పంపకండి. ఇంట్లో సంటిబిడ్డ, గర్భిణి ఉంటే మిగతావాళ్లకి కూడా మందు కావాలా అని డాక్టర్‌ని మీరే అడగండి, టీకాలన్నీ అయిపోయినా సరే అడగండి. మా ఊళ్లో గాడిదలు తోలుకొచ్చి కోరింత దగ్గుకి మంచిదని ఉగ్గుగిన్నెడు పాలు పోసి డబ్బులు తీసుకెళ్తారు, మా అమ్మ కూడా పట్టిద్దామంది. వద్దు. ఆర్నెల్లలోపు తల్లిపాలు తప్ప ఏదీ వద్దు, ఏడాదిలోపు తేనె నాకించొద్దు, వాతలు పెట్టించొద్దు. పొయ్యి పొగ, బీడీ పొగ తగలని చోట పడుకోబెట్టి, పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టండి.

ఇంక కార్డు సంగతి. ఆధార్లు, రేషన్ కార్డు పెట్టుకునే కవర్లో తల్లీబిడ్డ కార్డు కూడా ఉంటాది, తీసి చూడండి. పెంటా అని మూడు గళ్లుంటాయి: 6 వారాలకి, 10 వారాలకి, 14 వారాలకి. ఈ పెంటాలో కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ (నిమోనియా, మెదడువాపు తెచ్చే ఒక బాక్టీరియా) అయిదింటి టీకాలూ కలిసుంటాయి. తర్వాత డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మూడూ కలిసిన సూది) బూస్టర్ 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి, 5-6 ఏళ్లకి ఇంకొకటి. మనవాళ్లు మొదటి మూడూ బాగానే వేయిస్తారు, తప్పిపోయేది ఈ బూస్టర్లే, ఎందుకంటే అప్పటికి తల్లి పిల్లల్ని తీసుకుని మొగుడి పనూరికి వెళ్లిపోతాది. మా పెద్దోడి కార్డులో ఒకటిన్నర ఏడాది గడి ఖాళీ, వాళ్లప్పుడు చెన్నైలో ఉన్నారు. టీకా బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతాది, బూస్టర్ అందుకే.

గడి ఖాళీగా ఉంటే సిగ్గుపడక్కర్లేదు, ఏఎన్ఎం (టీకాలేసే నర్సమ్మ) తిడుతుందేమోనని దాచిపెట్టక్కర్లేదు. మళ్లీ మొదట్నుంచి వెయ్యరు, ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే వేస్తారు. ఏడేళ్లు దాటితే మాత్రం డీపీటీ వెయ్యరు, అందుకని ఆలోపే తీసుకెళ్లండి. కొంచెం జలుబు, చిన్న దగ్గు ఉన్నా వేయించొచ్చు. ఇంతకుముందు టీకా వేసినప్పుడు ఫిట్స్ వచ్చినా, ఒళ్లంతా దద్దుర్లెక్కి ఊపిరాడకపోయినా అది సూది వెయ్యకముందే చెప్పాలి. వేయించాక అరగంట అక్కడే కూర్చోండి. ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ దగ్గర గట్టిగా వాపు మామూలే, పారాసిటమాల్ ఎంత వెయ్యాలో ఏఎన్ఎంనే అడిగి రాసుకోండి. వాపు మీద రుద్దడం, సున్నం పసుపు పెట్టడం చెయ్యొద్దు.

కడుపుతో ఉన్నవాళ్లకి ఒక మాట. గవర్నమెంట్లో వేసే టీడీ సూదిలో కోరింత దగ్గుది లేదు, ధనుర్వాతం, కంఠసర్పివే. ఆరు వారాలు వచ్చేదాకా బిడ్డకి సొంత టీకా ఉండదు కదా, ఆ సందుకి పనికొచ్చేది కోరింత దగ్గుది కూడా కలిసున్న టీడాప్ అనే సూది, 27 నుంచి 36 వారాల మధ్య వేయించుకుంటే తల్లి నుంచి బిడ్డకి రక్షణ వెళ్తాది. ప్రైవేటులో దొరుకుతాది, డబ్బులు పెట్టగలిగినోళ్లు డాక్టర్‌ని అడగండి. పెట్టలేనోళ్లు చుట్టూ ఉన్న పిల్లల బూస్టర్లు పూర్తి చేయించండి, దగ్గుతున్నవాళ్లని అది ఎవరైనా సరే, నానమ్మైనా సరే, బిడ్డని ఎత్తుకోనివ్వకండి.

వీధిలో పది ఇళ్లయినా ఈ పని చెయ్యాలనుకుంటే, మన దగ్గర టీకాలు బుధవారం, శనివారం కాబట్టి ముందురోజు సాయంత్రం ఆశా అక్కతో కలిసి తిరగండి, పగలు వెళ్తే పనికి వెళ్లిపోయి ఉంటారు. తల్లితో కంటే ముందు ముసలమ్మతో మాట్లాడండి. "సూదేస్తే గుంటడికి జ్వరమొచ్చేస్తాది, రేపు జీడితోటకి ఎవులెళ్తారు?" అని మా వీధిలో ఒక పెద్దమ్మ అడిగింది, తప్పేం లేదు, ఒకరోజు కూలి పోతాది కదా. ఆ ఇంటికి బుధవారం కాకుండా శనివారం పెట్టుకున్నాం, ఆదివారం ఆవిడ ఇంట్లోనే ఉంటాది, అలా ఒప్పుకుంది. తండ్రి చేపల వేటకి గుజరాత్ వెళ్లుంటే ఆ సాయంత్రమే ఫోన్ కలిపి చెప్పించండి, లేదంటే తెల్లారి తల్లి "ఆయన్నడగాలి" అంటాది.

పండగ అయ్యాక మళ్లీ వెళ్లిపోయేవాళ్లు కార్డు రెండు వైపులా ఫోటో తీసి మొగుడూపెళ్లాం ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. తర్వాత సూది తారీఖు ఏఎన్ఎం చేత కార్డు మీద పెన్నుతో రాయించుకోండి, ఆ తారీఖుకి చెన్నైలో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా దగ్గర్లో గవర్నమెంట్ ఆసుపత్రికి ఆ కార్డు పట్టుకెళ్తే డబ్బుల్లేకుండానే వేస్తారు.