పాత అమెరికన్ పోర్ట్రెయిట్‌ని మ్యూజియంలో చూసే పద్ధతి

ముఖాన్ని చివర్న చూడండి. డబ్బిచ్చి గీయించుకున్న బొమ్మలో ముఖం ఎలాగూ కుదురుగానే ఉంటుంది. ఆ మనిషి తన గురించి ఏం చెప్పుకోవాలనుకున్నాడు, తర్వాత ఆ బొమ్మలో ఏమేం మారాయి అన్నవి చేతుల దగ్గర, బల్ల మీద, పక్కనున్న లేబుల్‌లో దొరుకుతాయి. గంటన్నర తీరిక ఉంటే నాలుగు బొమ్మలు ఎంచుకుని ఒక్కోదానికి ఇరవై నిమిషాలు ఇవ్వండి. అన్ని గదులూ చుట్టేస్తే సాయంత్రానికి గుర్తుండేవి విగ్గులే.

వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ దీనికి మంచి చోటు. టికెట్ లేదు, ఉదయం 11:30కి తెరుస్తారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని నేషనల్ మాల్‌కి (స్మారకాలూ మ్యూజియాలూ ఉన్న పెద్ద పచ్చిక మైదానం) తిప్పేవాళ్లు దీన్ని వదిలేస్తుంటారు, ఎందుకంటే ఇది మాల్ మీద లేదు. కాస్త ఉత్తరాన, గ్యాలరీ ప్లేస్ మెట్రో స్టేషన్ పక్కనే ఉంటుంది.

ముందు లేబుల్‌ని, తర్వాత బొమ్మని ఫొటో తీయండి. లేబుల్ ఫొటో లేకపోతే ఇంటికెళ్లాక ఆ నల్లకోటు పెద్దమనుషుల్లో ఎవరు ఎవరో తేలదు. చిత్రకారుడి పేరుకి ముందున్న చిన్న మాటని గమనించండి. ‘అట్రిబ్యూటెడ్ టు’ అంటే గట్టి ఆధారం లేదు, శైలిని బట్టి ఆయన పనే అని నిపుణుల అంచనా. ‘ఆఫ్టర్’ అంటే ఆయన బొమ్మ చూసి ఇంకొకరు గీసిన నకలు. ‘అన్‌ఐడెంటిఫైడ్ ఆర్టిస్ట్’ అని ఉంటే దాటెయ్యొద్దు. ఊళ్లు తిరిగి గీసిన పనివాళ్లు చాలామంది సంతకం పెట్టేవాళ్లు కాదు. ‘బోర్డర్ లిమ్నర్’, ‘కెంట్ లిమ్నర్’ (లిమ్నర్ అంటే పోర్ట్రెయిట్లు గీసేవాడు) అని ఇద్దరుగా లెక్కేసిన చిత్రకారులు చివరికి ఒక్కడే, అమ్మీ ఫిలిప్స్ అని తేలింది.

లేబుల్ చివరి నంబరులో మొదటి అంకెలు సాధారణంగా బొమ్మ మ్యూజియంకి చేరిన సంవత్సరం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో లాయిట్సె గీసిన ‘వాషింగ్టన్ క్రాసింగ్ ద డెలావేర్’ నంబరు 97.34, అంటే 1897లో వచ్చింది. గీసింది 1851లో. మధ్యలో ఎవరి దగ్గర ఉందో మ్యూజియం వెబ్‌సైట్‌లో ‘ప్రావెనెన్స్’ కింద వెతకాలి. అన్నట్టు, ఆ పడవలో ఎగురుతున్న చుక్కల జెండా వాషింగ్టన్ డెలావేర్ నది దాటిన 1776 డిసెంబరుకి ఇంకా పుట్టనే లేదు, 1777 జూన్‌లో ఆమోదించారు. చిత్రకారుడి కాలానికీ బొమ్మలోని కాలానికీ ఉన్న ఎడం ఇలా చిన్న వస్తువుల్లో బయటపడుతుంది.

కొలత కూడా చూడండి. ఇంగ్లండ్ వాడుక ప్రకారం 30×25 అంగుళాల కాన్వాస్ అంటే తలా భుజాలూ, 50×40 అంటే దాదాపు మోకాళ్ల దాకా, నిలువెత్తు బొమ్మకి సుమారు 94×58. పెరిగిన కొద్దీ ధర పెరిగేది. గోడ మీద సైజు చూసి ఇంటివాడి స్తోమత అంచనా వేయొచ్చు.

ఇక చేతులు. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో చిత్రకారుడు కోప్లీ 1768లో గీసిన పాల్ రివీర్ దగ్గర ఆగండి. కోటు లేదు, చొక్కా చేతులతో కూర్చున్నాడు. ఆ రోజుల్లో పోర్ట్రెయిట్‌కి అలా కూర్చోవడం అరుదు. ఒక చెయ్యి గడ్డం కింద, రెండో చేతిలో వెండి టీపాట్, బల్ల మీద చెక్కుడు పనిముట్లు. టీపాట్ మీద ఇంకా నగిషీ పడలేదు, నున్నటి వెండిలో అతని వేళ్లే ప్రతిఫలిస్తున్నాయి. బ్రిటిష్ సైన్యం వస్తోందని గుర్రమెక్కి హెచ్చరిక మోసిన వీరుడిగా ఇతన్ని తలుచుకుంటారు గానీ ఆ స్వారీ 1775లో. ఇక్కడున్నది పని మధ్యలో ఆగి తలెత్తిన కంసాలి. పైగా 1767లోనే బ్రిటన్ తన అమెరికా వలస రాజ్యాల్లో టీ మీద పన్ను వేసింది, కాబట్టి ఆ టీపాట్‌ని ఉత్త గిన్నెగా చూడకూడదు.

వస్తువులయ్యాక మరమ్మతుల జాడ వెతకండి. బొమ్మకి ఎదురుగా కాక పక్కకి జరిగి ఏటవాలుగా చూస్తే, వెలుతురు జారి, పైకి లేచిన రంగూ పగుళ్లూ తేలతాయి. సన్నటి వలలా అల్లుకున్నవి వయసు పగుళ్లు. మొసలి చర్మంలా వెడల్పుగా విచ్చుకున్నవి రంగు సరిగ్గా ఆరకపోవడం వల్ల వచ్చినవి, తారులాంటి బిటుమెన్ కలిపిన ముదురు రంగుల్లో ఇవి ఎక్కువ. తెల్ల కాలర్ టీ మరకలా పచ్చబడితే చాలాసార్లు అది పాత వార్నిష్, కిందున్న రంగు కాదు. రంగు దిట్టంగా పూసినచోట కూడా అంతా చపాతీలా చదునైపోయి ఉంటే, వెనక కొత్త గుడ్డ అతికించినప్పుడు వేడి ఇస్త్రీపెట్టె కింద అణిగిపోయి ఉండొచ్చు. కంటికి అందనివీ ఉంటాయి. వుస్టర్ ఆర్ట్ మ్యూజియంలోని ఎలిజబెత్ ఫ్రీక్ బొమ్మ 1671 నాటిది, ఒళ్లోని పాప మేరీని 1674లో చేర్చారు. ఆ మార్పుని ఎక్స్‌రే పట్టిచ్చింది.

ఫొటోల విషయంలో తరచూ జరిగే తప్పులు రెండు. ఫ్లాష్ ఆపకపోవడం ఒకటి, దాన్ని ఒప్పుకోరు. దగ్గరికెళ్లి వైడ్ లెన్స్‌తో తీయడం రెండోది, ఫ్రేము వంకర పోతుంది. వెనక్కి వచ్చి జూమ్ చేయండి. అద్దం ఉన్న బొమ్మలకి ముదురు రంగు బట్టలైతే మీ నీడ తక్కువ పడుతుంది. బ్యాక్‌ప్యాక్ ముందుకి వేసుకోండి, వేలితో చూపించేటప్పుడు ఒక మూర దూరం ఉంచండి. గార్డు పిలిచేది చాలాసార్లు ఆ చూపుడువేలి వల్లే.

నకలు గుర్తించడం నేర్చుకోవడానికి చిత్రకారుడు గిల్బర్ట్ స్టూవర్ట్‌ని మించినవాడు లేడు. 1796లో గీసిన నిలువెత్తు వాషింగ్టన్, ‘లాన్స్‌డౌన్’, పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. 1814లో వైట్‌హౌస్ తగలబడకముందు అధ్యక్షుడి భార్య డాలీ మాడిసన్ తీయించి కాపాడిన ప్రతిలో మాత్రం ఒక పుస్తకం మీద ‘స్టేట్స్’ అనాల్సిన చోట ‘సేట్స్’ అని పడింది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, ముఖాలు కాదు, పుస్తకాల అక్షరాలు పోల్చండి.

1796లోనే మొదలుపెట్టి పూర్తి చేయకుండా వదిలేసిన ‘అథీనియం’ అనే వాషింగ్టన్ తల బొమ్మ మీద ఆధారపడి స్టూవర్ట్ డజన్ల కొద్దీ ప్రతులు గీసి అమ్మాడు. వాటిని వందడాలర్ల నోట్లనేవాడు. ఆ మూలచిత్రం బోస్టన్ మ్యూజియంకీ పోర్ట్రెయిట్ గ్యాలరీకీ ఉమ్మడి ఆస్తి, కనుక ఏ ఊళ్లో వేలాడుతోందో బయల్దేరే ముందే వెబ్‌సైట్‌లో చూసుకోండి. దాని ముందు నిలబడ్డప్పుడు జేబులోంచి ఒక డాలరు నోటు తీయండి. ఇదే ముఖం, కుడి ఎడమలు తారుమారై ఉంటుంది.