నల్లమలలో ఫైర్ లైన్ పనికి దిగే ముందు జాగ్రత్తలు

ఆకు రాలుతోంది. ఫిబ్రవరి నుంచి మే దాకా మంటల కాలమే. ఫైర్ లైన్ అంటే మంట దాటకుండా ఆకుచెత్త తీసేసి వదిలే ఖాళీ గీత. వన సంరక్షణ సమితులు ఇవి చూసుకోండి.

• ఊడ్చిన ఆకును ఎండ ముదిరాక కాల్చొద్దు. గాలిలేని పొద్దున్నే, ఫారెస్టు సిబ్బంది ఉండగానే కాల్చాలి. మనం పెట్టిన నిప్పే గీత దాటితే ఆపడం ఎవరి తరమూ కాదు.

• వాగు పుట్టే వాలుకు మొదటి గీత. అక్కడ ఆకుచెత్త కాలి నేల బోడిదైతే తొలి పెద్దవానకే బూడిద, మట్టి కొట్టుకొచ్చి చెక్‌డ్యాంలో, చెరువులో మేట వేస్తాయి. నీళ్లు ఇంకవు, పారిపోతాయి. రోడ్డు పక్క గీతలు అధికారులకు బాగా కనిపిస్తాయి గానీ, ఊరికి నీళ్లిచ్చేది ఈ వాలే.

• ఇప్పచెట్ల కింద ఊడ్చడమే. ఏరుకోవడానికి రాలిన పువ్వు కనబడాలని పెట్టే చిన్న మంట అడవంతా పాకుతుంది. చీపుర్లు సమితే కొనివ్వాలి, ఉత్త మాటకు ఎవరూ మానరు.

• తునికాకు (బీడీ ఆకు) చిగురు రావాలంటే కొమ్మలు కొట్టండి, నిప్పు పెట్టొద్దు.

• చెంచు పెంటల (గూడేల) వాళ్లను, మేకల కాపరులను ముందే కలవండి. పొగ మొదట చూసేది వాళ్లే.

• ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా శాటిలైట్ హెచ్చరికలు ఎస్సెమ్మెస్‌లో వస్తాయి. సిగ్నల్ ఉండేచోట తిరిగేవారి నంబర్లు నమోదు చేయించండి.

• నూలు బట్టలే వేసుకోండి. పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది.