మెల్‌బోర్న్‌లో ఇల్లు కొంటున్నారా? సంతకం పెట్టకముందే కన్వేయన్సర్‌ని వెతుక్కోండి

ఆస్ట్రేలియాలో ఇల్లు కొనాలంటే కన్వేయన్సర్, అంటే కొనుగోలు కాగితాల పనంతా చూసిపెట్టే మనిషి, కావాలని ఇక్కడికొచ్చిన కొత్తలోనే అందరికీ తెలిసిపోతుంది. ఎప్పుడు పెట్టుకోవాలన్న దగ్గరే మనవాళ్లు ఆలస్యం చేస్తారు. మన ఊళ్లో ముందు బేరం కుదురుతుంది, అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటాం, తర్వాత తెలిసిన లాయరుకి కాగితాలు చూపిస్తాం, రిజిస్ట్రేషన్ రోజున డాక్యుమెంట్ రైటర్ దగ్గర కూర్చుంటాం. ఇక్కడ విక్టోరియాలో ఆ వరస పనికిరాదు. కాంట్రాక్టు మీద సంతకం పడ్డాక అందులో ఒక్క షరతు మార్చాలన్నా అమ్మేవాళ్లు ఒప్పుకోవాలి. సంతకానికి ముందైతే కన్వేయన్సర్ అడిగి మార్పించగలిగేవి చాలా ఉంటాయి. అందుకే ఇళ్లు చూడటం మొదలుపెట్టిన వారంలోనే మనిషిని ఖాయం చేసుకోండి.

నేను నర్సుని, ఉండేది టార్నీట్‌లో. మా ఇల్లు కొన్నప్పటి నుంచి మా పిన్ని కొడుకుతో, నాతో పనిచేసే అమ్మాయిలతో ఇలాంటి కాంట్రాక్టులు ముందేసుకుని కూర్చుంటూనే ఉన్నాను. అందరూ మొదట అడిగేది ఒకటే: "టైటిల్ క్లియరేగా అక్కా, ఇంక చూడ్డానికి ఏముంది?" నిజమే, లింకు డాక్యుమెంట్లు, ఈసీలు తిరగేసే పని ఇక్కడ లేదు. 1858లో సౌత్ ఆస్ట్రేలియాలో మొదలైన టోరెన్స్ పద్ధతే ఇప్పుడు దేశమంతా నడుస్తోంది. ప్రభుత్వ రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. కన్వేయన్సర్ చూడాల్సింది ఆ యజమాని మీకు అమ్ముతున్న స్థలానికి ఏయే కట్టుబాట్లు ఉన్నాయి, ఏ తేదీకి మీరు ఏం చెయ్యాలి, చెయ్యకపోతే ఎంత పోతుంది అన్నవి.

ఎవరిని పెట్టుకోవాలి? ఏజెంటో బిల్డరో చెప్పినవాళ్లని మాత్రం వద్దంటాను. మా తమ్ముడికి ఒక బిల్డరు ఆఫీసులో "మా కన్వేయన్సర్ ఉన్నారు, మీకు ఫ్రీ" అన్నారు. "ఒరేయ్, కాంట్రాక్టు రాసింది వాళ్లు. అందులో నీకు నష్టం కలిగించేది ఏముందో వాళ్లు పంపిన మనిషే నీకు చెప్పాలా?" అని అడిగాను. వాడు బయట ఇంకొకావిడని పెట్టుకున్నాడు. ఆవిడ రెండు షరతులు మార్పించాకే సంతకం పెట్టాడు. చెడ్డవాళ్లని కాదు, ఆ కన్వేయన్సర్‌కి ప్రతి నెలా పని ఇచ్చేది బిల్డరు, మీరు ఒక్కసారే వస్తారు.

విక్టోరియాలో కన్వేయన్సర్‌కి లైసెన్సు, ఇన్సూరెన్సు తప్పనిసరి. లైసెన్సు ఇచ్చేది బిజినెస్ లైసెన్సింగ్ అథారిటీ, ఆ రిజిస్టర్ ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. పేరు కొట్టి చూడండి, రెండు నిమిషాల పని. ట్రస్టు పేరు మీద కొంటున్నా, ఇంకా కట్టని అపార్ట్‌మెంట్ కొంటున్నా, గొడవ వచ్చే సూచన ఉన్నా ప్రాపర్టీ లాయర్ దగ్గరికే వెళ్లండి. క్వీన్స్‌లాండ్‌లో ఉన్నవాళ్లకి ఈ ఎంపికే లేదు, అక్కడ ఈ పని లాయర్లే చెయ్యాలి.

ఫోన్ చేసినప్పుడు ఫీజు ఒక్కటే అడిగి పెట్టెయ్యకండి. ఫీజు మామూలుగా వెయ్యి డాలర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, సెర్చులకీ సర్టిఫికెట్లకీ విడిగా అవుతుంది. మొత్తం కలిపి ఎంతో రాసిమ్మనండి. అంతకంటే ముఖ్యంగా అడగాల్సినవి: నా ఫైలు చూసేది మీరేనా, అసిస్టెంటా? సంతకానికి ముందు కాంట్రాక్టు చదివిపెడతారా, దానికి ఎంత? శుక్రవారం సాయంత్రం కాంట్రాక్టు పంపితే సోమవారం చెప్పగలరా? మనకి ఇళ్లు శనివారం నచ్చుతాయి, ఏజెంటు అదే రాత్రి సంతకం కావాలంటాడు. ఆ ఒత్తిడిలో ఫోన్ ఎత్తని మనిషి వంద డాలర్లు తక్కువ తీసుకున్నా లాభం లేదు. తెలుగు మాట్లాడేవాళ్లు దొరికితే మంచిదే, కానీ నేనైతే విసుక్కోకుండా వివరంగా చెప్పేవాళ్లనే ఎంచుకుంటాను.

ఇక సెక్షన్ 32. అమ్మేవాళ్లు సంతకానికి ముందే మీకివ్వాల్సిన వెండర్ స్టేట్‌మెంట్‌ని అందరూ ఇలాగే అంటారు. మనం వాస్తు చూసుకునే శ్రద్ధలో సగం ఈ కాగితాల మీద పెడితే చాలు. ప్లానులో ఈజ్‌మెంట్ ఎక్కడుందో చూపించమనండి. మురుగు పైపో వాననీటి పైపో వెళ్లే పట్టీ అది, ఎక్కువగా పెరటి గోడ వెంట ఉంటుంది. దాని మీద సంబంధిత అనుమతి లేకుండా ఏమీ కట్టకూడదు. అమ్మానాన్నల కోసం వెనక చిన్న ఇల్లు వేద్దామనుకునేవాళ్లకి ఇది పెద్ద విషయం. తర్వాత కవనెంట్లు, అంటే ఆ స్థలంలో ఏం కట్టొచ్చో, ఎలా కట్టాలో చెప్పే షరతులు. కొత్త ఎస్టేట్లలో ముందు గోడ కట్టకూడదనీ, ముందు భాగం ఫలానా రకంగానే ఉండాలనీ, ఇన్ని నెలల్లో ఇల్లు పూర్తి చెయ్యాలనీ ఉంటాయి. గుమ్మం తూర్పుకి మార్పిద్దాం అనుకుని స్థలం కొనేవాళ్లు ముందు ఇవి చదివించుకోవాలి.

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. కన్వేయన్సర్ ఆ ఇంటిని చూడడు. కాగితంలో ఉన్నదే అతనికి తెలుసు, నేల మీద ఉన్నది మీకు తెలుసు. సెక్షన్ 32లో గత 7 ఏళ్లలో ఇచ్చిన బిల్డింగ్ పర్మిట్ల వివరాలు ఉండాలి. వెనక కొత్తగా వేసిన పెర్గోలా మీకు కనిపిస్తుంది, పర్మిట్ల లిస్టులో అది లేదన్నది అతనికి కనిపిస్తుంది. మీరు ఫోటో పంపి "ఇది ఎప్పుడు కట్టారు?" అని అడిగితేనే ఆ రెండూ కలుస్తాయి. గరాజ్‌ని గదిగా మార్చి ఉన్నా, కంచె లైను వంకరగా అనిపించినా, పక్కింటివాళ్లు మీ స్థలంలోంచి నడుస్తున్నా చెప్పండి. మా వార్డులో అమ్మాయి అలా పంపిన ఒక్క ఫోటో వల్ల, పర్మిట్ లేకుండా కట్టిన గది సంగతి సంతకానికి ముందే బయటపడింది.

వీసా సంగతి మొదటి ఫోన్‌లోనే చెప్పండి. టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్లు 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు, కొద్ది మినహాయింపులు తప్ప, పాత ఇళ్లు కొనకూడదు. కొత్తవి కొనాలన్నా విదేశీ పెట్టుబడుల అనుమతి కావాలి, పైగా విక్టోరియాలో అదనపు డ్యూటీ 8 శాతం. భార్యాభర్తల్లో ఒకరికే పీఆర్ (శాశ్వత నివాసం) ఉంటే లెక్కలు మారతాయి, ఎవరి పేరు ఎలా పెట్టాలో సంతకానికి ముందే తేల్చుకోవాలి. మొదటి ఇల్లయితే 6,00,000 డాలర్ల వరకు స్టాంప్ డ్యూటీ లేదు, 7,50,000 వరకు కొంత తగ్గింపు ఉంది. ఇండియాలో మీ పేరు మీద ఇల్లుందని ఈ మినహాయింపు పోదు.

పేరు మనకి ప్రత్యేకమైన తలనొప్పి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, డ్రైవింగ్ లైసెన్సు మీద పేరు రెండుసార్లు పడుతుంది, బ్యాంకులో ఇంకోలా ఉంటుంది. కాంట్రాక్టు, లోను, గుర్తింపు తనిఖీ మూడింట్లో పేరు ఒకేలా లేకపోతే సెటిల్‌మెంట్ (మిగతా డబ్బు కట్టి ఇల్లు మీ పేరుకి మారే రోజు) ముందు పని ఆగిపోతుంది. ఉన్న కార్డులన్నీ స్కాన్ చేసి పంపి, కాంట్రాక్టులో ఏ రూపం రాయాలో కన్వేయన్సర్‌నే చెప్పమనండి.

సంతకం అయ్యాక అంతా తేదీల మీదే నడుస్తుంది. వేలంలో కాకుండా కొంటే మూడు పనిదినాల కూలింగ్ ఆఫ్ ఉంటుంది. ఆ లోపు రాతపూర్వకంగా వెనక్కి తగ్గితే 100 డాలర్లో, ధరలో 0.2 శాతమో, ఏది ఎక్కువైతే అది పోతుంది. 7,00,000 ఇంటికి 1,400. వేలంలో కొంటే ఈ వెసులుబాటు లేదు, లోను రాకపోయినా కొనాల్సిందే. అందుకే వేలానికి ముందు కాంట్రాక్టు చదివించకుండా చెయ్యి ఎత్తకండి. లోను వస్తేనే కొంటాననే షరతు ఉన్న కాంట్రాక్టయితే ఆఖరి తేదీ ఫోన్‌లో పెట్టుకుని, నాలుగు రోజుల ముందే బ్రోకర్‌నీ కన్వేయన్సర్‌నీ కదిలించండి. గడువు పెంచమని అడగాలన్నా, వెనక్కి తగ్గాలన్నా కన్వేయన్సర్ చేత రాతలోనే పంపించాలి. ఏజెంటుతో ఫోన్‌లో చెప్పిన మాటని నమ్ముకోకండి.

డబ్బు పంపేటప్పుడు మాత్రం భయంగానే ఉండండి, ఆ భయం మంచిది. మోసగాళ్లు ఈమెయిల్‌లోకి చొరబడి, కన్వేయన్సర్ రాసినట్టే "మా అకౌంట్ నంబర్ మారింది" అని పంపుతారు. అలా పంపిన డబ్బు తిరిగి రాబట్టడం చాలా కష్టం. అకౌంట్ నంబర్ ఈమెయిల్‌లో వచ్చిందంటే, మొదటి రోజు మీరు రాసుకున్న ఫోన్ నంబరుకి కాల్ చేసి అంకె అంకె చదివించుకోండి. ఆ ఈమెయిల్ కింద ఉన్న నంబరుకి కాదు. ఇండియా నుంచి నాన్నగారు పంపే డబ్బుంటే ముందే మొదలుపెట్టండి. అక్కడ ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 అమెరికన్ డాలర్ల పరిమితి ఉంది, ఇక్కడ బ్యాంకు గిఫ్ట్ లెటర్ (ఆ డబ్బు అప్పు కాదు, బహుమతేనని రాసిచ్చే కాగితం) అడగొచ్చు.

సెటిల్‌మెంట్‌కి ముందు వారంలో ఇల్లు ఇంకోసారి చూడొచ్చు. కుళాయిలు తిప్పండి, స్టవ్ వెలిగించండి, ఏసీ వెయ్యండి. తేడా ఉంటే ఆ రోజే ఫోటోలతో కన్వేయన్సర్‌కి రాయండి, తాళాలు చేతికొచ్చాక చెబితే బలం తగ్గిపోతుంది. కౌన్సిల్ రేట్లు, నీటి బిల్లులు ఎవరి వాటా ఎంతో చూపించే స్టేట్‌మెంట్ వస్తుంది, ఒక్కో లైనూ చదవండి. 2024 నుంచి మామూలు ఇళ్ల అమ్మకాల్లో అమ్మేవాళ్ల ల్యాండ్ టాక్స్ కొనేవాళ్ల మీద వెయ్యడానికి లేదు. ఆ లైను కనిపిస్తే అడగండి.

గృహప్రవేశం ముహూర్తం సెటిల్‌మెంట్ రోజుకి గానీ మర్నాటికి గానీ పెట్టకండి. ఇప్పుడు సెటిల్‌మెంట్ పెక్సా అనే ఆన్‌లైన్ వేదిక మీద జరుగుతుంది. ఎక్కడో ఒక బ్యాంకు సిద్ధంగా లేకపోతే సాయంత్రానికి, ఒక్కోసారి మర్నాటికి వాయిదా పడుతుంది. పంతులుగారిని పదిరోజుల తర్వాతి ముహూర్తం చూడమనండి. ఇంటి ఇన్సూరెన్సు ఏ రోజు నుంచి ఉండాలో బ్యాంకునీ కన్వేయన్సర్‌నీ ముందే అడిగి తీసుకోండి. సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్, డ్యూటీ కట్టిన కాగితం, కన్వేయన్సర్ బిల్లు మూడూ ఒకే ఫోల్డర్‌లో దాచండి. ఎప్పుడైనా ఆ ఇల్లు అద్దెకిచ్చి తర్వాత అమ్మితే, క్యాపిటల్ గెయిన్స్ లెక్కలో మీ అకౌంటెంట్ మొదట అడిగేవి అవే.