పువ్వు ఒక్కటే పడింది, స్కోరు పదిహేను పెరిగింది: స్క్రాచ్ ఆటల్లో సమస్య – పరిష్కారం

బ్లాకులు పేర్చి ఆటలు తయారుచేసే స్క్రాచ్ 3.0లో ఆట కట్టినప్పుడు వచ్చే తిప్పలు చాలావరకు ఒకే చోట పుడతాయి. పెట్టిన బ్లాకు ఎన్నిసార్లు నడుస్తుందో మనం లెక్కపెట్టం. ‘ఫరెవర్’ (ఆగకుండా తిరిగే బ్లాకు) లోపల పెట్టిన పని సెకనుకు 30 సార్లు జరుగుతుంది, ఆ ఒక్కో చుట్టును ఫ్రేము అంటాం. కంటికి ఒక్కసారే తగిలినట్టు కనిపించేది దానికి పదిహేను తగులుళ్లు కావచ్చు.

ఉదాహరణకు రెండు ఆటలు తీసుకుందాం. ఒకటి, పైనుంచి తంగేడు, గునుగు పువ్వులు రాలుతుంటే కింద తాంబాలంతో పట్టే బతుకమ్మ ఆట. రెండోది, ఓరుగల్లు కోట రాళ్ల మీద దుంకుతూ పోయే ఆట. స్టేజి (ఆట కనిపించే తెర) కొలత గుర్తుంచుకోండి: ఎక్స్ –240 నుంచి 240, వై –180 నుంచి 180.

ఒక్క పువ్వుకు బోలెడు పాయింట్లు

పువ్వు ఎత్తు 40, తాంబాలం ఎత్తు 35, పువ్వు ఫ్రేముకు 5 చొప్పున దిగుతోంది అనుకోండి. పువ్వు కింది అంచు తాంబాలాన్ని తాకినప్పటి నుంచి పై అంచు దాటిపోయే దాకా 75 దూరం. 75ను 5తో భాగిస్తే 15 ఫ్రేములు. ‘ఇఫ్ టచింగ్ తాంబాలం’ అని ఆ పదిహేనుసార్లూ అడుగుతుంది, పదిహేనుసార్లూ అవునంటుంది, స్కోరు 15 పెరుగుతుంది. స్క్రాచ్ తప్పేమీ లేదు, అడిగినదానికి జవాబు చెప్పింది.

పువ్వు క్లోన్ (అసలు బొమ్మకు నకలు) అయితే ‘చేంజ్ స్కోరు బై 1’ కింద ‘డిలీట్ దిస్ క్లోన్’ పెట్టండి. క్లోన్ కాకపోతే పాయింటు ఇచ్చిన వెంటనే వై 170కి, ఎక్స్ –220, 220 మధ్య ఎక్కడికైనా పంపేయండి. ఇంతా చేసినా స్కోరు రెండేసి పెరుగుతుంటే పువ్వులో ఒకటి, తాంబాలంలో ఒకటి, ఒకే లెక్క రెండు చోట్ల రాసి ఉంటారు. ఒకటి తీసేయండి.

మూడు ప్రాణాలు ఒక్క దెబ్బకే పోవడం కూడా ఇదే రోగం. మందు మాత్రం వేరు. తుమ్మముల్లు తగిలాక మాయం కాదు కాబట్టి ప్రాణం తగ్గించాక ‘వెయిట్ 1 సెకండ్స్’ పెట్టాలి. దాన్ని బొమ్మను నడిపించే ఫరెవర్‌లోనే పెడితే ఆ సెకనంతా బొమ్మ కొయ్యబారిపోతుంది. ప్రాణాల లెక్కకు వేరే స్క్రిప్టు (బ్లాకుల వరుస), వేరే ఫరెవర్ ఉండాలి.

పువ్వులు రావు, లేదా ఉప్పెనలా వస్తాయి, లేదా కింద అంటుకుపోతాయి

రాకపోతే: అసలు పువ్వును ‘హైడ్’ చేశారు, క్లోన్లకు కూడా అదే వచ్చింది. ‘వెన్ ఐ స్టార్ట్ యాజ్ ఎ క్లోన్’ కింద ‘షో’ పెడితే సరి.

ఉప్పెనలా వస్తే: ‘కొత్త పువ్వు’ అని బ్రాడ్‌కాస్ట్ చేసి (అందరికీ కబురు పంపి), అది అందినప్పుడు ‘క్రియేట్ క్లోన్ ఆఫ్ మైసెల్ఫ్’ అని పువ్వులోనే రాశారు. ఆ కబురు అసలు పువ్వుతో పాటు క్లోన్లన్నిటికీ అందుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఎనిమిదోసారికి 256. తొమ్మిదోసారి 300 క్లోన్ల హద్దు తగులుతుంది, ఆ తర్వాత కొత్తవి పుట్టవు, తప్పు జరిగిందని ఎక్కడా చూపించదు కూడా. అందుకే ‘ఇంతసేపు బాగానే ఆడిందే’ అనిపిస్తుంది. క్లోన్ పుట్టించే పని పువ్వు నుంచి తీసి స్టేజికి ఇవ్వండి: ఫరెవర్, వెయిట్ 0.8, క్రియేట్ క్లోన్ ఆఫ్ పువ్వు. స్టేజికి క్లోన్లు ఉండవు కాబట్టి గుణకారం ఆగిపోతుంది.

కింద అంటుకుపోతే: ‘ఇఫ్ వై < –200, డిలీట్’ అని రాసి ఉంటారు. లెక్క న్యాయంగానే ఉంది, కానీ స్క్రాచ్ ఏ బొమ్మనూ పూర్తిగా స్టేజి బయటికి పోనివ్వదు, కొంచెమైనా లోపల ఉంచుతుంది. 40 ఎత్తున్న పువ్వు –200 దాకా ఎన్నటికీ దిగదు. –200 బదులు –170 రాయండి.

దుంకుడు కుదరడం లేదు

అందరికీ చెమటలు పట్టించేది ఇదే, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం. ‘చేంజ్ వై బై 80, వెయిట్, చేంజ్ వై బై –80’ అని రాస్తే అది దుంకుడు కాదు, లిఫ్టు. ‘వేగం’, ‘గాలి’ (నేల విడిచి ఎన్ని ఫ్రేములైందో లెక్క) అని రెండు వేరియబుల్స్, అంటే అంకెలు దాచే డబ్బాలు, చేసుకుని ఈ వరుసలో పెట్టండి:

ఫరెవర్
– చేంజ్ వేగం బై –1
– చేంజ్ వై బై వేగం
– చేంజ్ గాలి బై 1
– ఇఫ్ టచింగ్ నేల: తగలకుండా అయ్యేదాకా ‘చేంజ్ వై బై 1’, తర్వాత వేగం 0, గాలి 0
– ఇఫ్ పై బాణం మీట నొక్కి ఉండి, గాలి < 3: వేగం 14, గాలి 3

ఎంత ఎత్తు దుంకుతుందో ముందే లెక్క వేసుకోవచ్చు. వేగం 14 ఇస్తే మొదటి ఫ్రేములో 13, తర్వాత 12, 11... 1 దాకా కలిపితే 91. కోటగోడ ఎత్తు 80 అనుకుంటే 14 చాలు. 13 ఇస్తే 78 దగ్గరే ఆగుతుంది, రెండు తక్కువ. ‘అంచు దాకా వచ్చి జారిపోతోంది’ అని గోడ బొమ్మను చెక్కుతూ కూర్చునే బదులు ఈ కూడిక ఒకసారి వేసుకోండి.

*గాలిలోనే మళ్లీ మళ్లీ దుంకుతుంది.* దుంకే ముందు నేల మీద ఉందా లేదా చూడలేదు. ఇక్కడొక కిటుకు: పై వరుసలో బొమ్మను నేల తగలకుండా పైకి జరిపేశాం కదా, కాబట్టి ఆ తర్వాత ‘టచింగ్ నేల’ అని అడిగితే ఎప్పుడూ కాదనే వస్తుంది. అందుకే నేలను కాకుండా ‘గాలి’ని అడుగుతున్నాం.

*మీట నొక్కి పట్టుకుంటే ఎక్కువ ఎత్తు పోతుంది.* దుంకగానే గాలిని 3 చేయడం మర్చిపోయారు. మొదటి ఫ్రేముల్లో గాలి ఇంకా 3 కాలేదు, వేగం మళ్లీ మళ్లీ 14 అవుతుంది, 91 కాస్తా 117 అవుతుంది.

*తల పైరాయికి తగిలి రాయి మీదికి తేలుతుంది.* నేల అయినా కప్పు అయినా మన వరుస పైకే జరుపుతోంది. వేగం 0 కంటే ఎక్కువుంటే కిందికి 1, లేకపోతే పైకి 1 అని విడగొట్టండి.

*నేల కనిపించకుండా ఉండాలని హైడ్ చేస్తే బొమ్మ పాతాళానికి పోతుంది.* దాచిన బొమ్మ తగలదు. ‘షో’ చేసి, ఘోస్ట్ ఎఫెక్ట్ 100 ఇవ్వండి. కంటికి కనిపించదు, కాలికి తగులుతుంది.

గులేరు రాయి గోడలోంచి దూరిపోతుంది

రాయి వెడల్పు 20, గోడ మందం 10. రెండూ తాకి ఉండే దూరం 30. రాయి ఫ్రేముకు 40 పోతుంటే ఒక ఫ్రేములో గోడకు ఇటు, మరో ఫ్రేములో అటు. మధ్యలో ఉన్నదాన్ని ఎవరూ చూడలేదు. ‘మూవ్ 40’ తీసి ‘రిపీట్ 8’లో ‘మూవ్ 5’, దాని కింద గోడ తగిలిందా అన్న ప్రశ్న పెట్టాలి. ఉత్త రిపీట్ పెడితే ఒక్కో చుట్టుకు ఒక్కో ఫ్రేము పడుతుంది, రాయి నత్తనడక నడుస్తుంది. మై బ్లాక్స్‌లో కొత్త బ్లాకు చేసి, ‘రన్ వితౌట్ స్క్రీన్ రిఫ్రెష్’ టిక్కు పెట్టి, ఆ రిపీట్‌ను అందులో వేయండి. ఆ బ్లాకు లోపల ఫరెవర్ మాత్రం పెట్టొద్దు, ఆట బిగుసుకుపోతుంది.

మీట నొక్కితే ఒక్క అడుగేసి ఆగి, తర్వాత ఉరుకుతుంది

‘వెన్ రైట్ యారో కీ ప్రెస్డ్’ అన్న టోపీ బ్లాకు వాడారు. అది కీబోర్డు రిపీట్ మీద నడుస్తుంది, ‘అఅఅఅ’ టైపు చేస్తే మొదటి ‘అ’ తర్వాత వచ్చే విరామమే ఇది. ఫరెవర్ లోపల ‘ఇఫ్ కీ ప్రెస్డ్’ వాడండి.

ఎడమకు తిరిగితే తలకిందులు, నడిస్తే వణుకు

తలకిందులకు ‘సెట్ రొటేషన్ స్టైల్ లెఫ్ట్-రైట్’ ఒక్కటి చాలు. వణుకు వేరే సంగతి. చెరియాల బొమ్మలాంటి మనిషిని నాలుగు కాస్ట్యూములుగా (ఒకే బొమ్మకు వేర్వేరు రూపాలుగా) గీస్తే, ఒక్కోదాంట్లో నడుము ఒక్కో చోట ఉంటుంది. పెయింట్ ఎడిటర్ నడిమధ్య ఉండే చిన్న గుర్తు మీదకు నాలుగింటిలోనూ నడుమును తెచ్చి పెట్టండి. ఒకటి గీసి దాన్నే డూప్లికేట్ చేసి కాళ్లు మాత్రం మారిస్తే ఈ తిప్పే ఉండదు. కాస్ట్యూముల మధ్య వెయిట్ 0.1 బాగుంటుంది. 0.03 కంటే తగ్గించినా లాభం లేదు, తెర మారేదే సెకనుకు 30 సార్లు.

బ్యాక్‌డ్రాప్ కూడా చెరియాల పటంలా ఎర్రగా గీస్తే, ‘ఎరుపు తగిలితే ప్రాణం పోవాలి’ అన్న షరతు ఆట మొదలవగానే పనిచేస్తుంది. ‘టచింగ్ కలర్’కు నేపథ్యం, వస్తువు అన్న తేడా లేదు. వీలైనచోట రంగును కాకుండా స్ప్రైట్‌ను (బొమ్మను) అడగండి.

రెండోసారి ఆడితే మొదలవగానే ‘గేమ్ ఓవర్’

పచ్చజెండా నొక్కితే క్లోన్లు పోతాయి కానీ వేరియబుల్స్ పాత విలువలతోనే ఉంటాయి. ఒక స్క్రిప్టు ప్రాణాలను 3 చేసేలోపు ఇంకొకటి ‘ప్రాణాలు = 0’ చూసేసింది. పచ్చజెండా స్టేజిలో ఒక్కచోటే ఉంచి, అక్కడ అన్నీ సరిచేశాక ‘మొదలు’ అని బ్రాడ్‌కాస్ట్ చేయండి, మిగతావన్నీ దానికోసం ఆగాలి.

స్కోరు అసలే మారకపోతే పేరు చూడండి. ‘స్కోరు’ ఒకటి, ‘స్కోర్’ ఒకటి తయారై ఉంటాయి. మనకు రెండూ ఒకటే, స్క్రాచ్‌కు కాదు. రెండింటి పక్కనా టిక్కు పెడితే స్టేజి మీద ఏది కదులుతుందో తెలిసిపోతుంది. ఇక ఒక్క రాక్షసుణ్ణి కొడితే అందరి బలం తగ్గుతుంటే బలం వేరియబుల్‌ను ‘ఫర్ ఆల్ స్ప్రైట్స్’ అని చేశారు. దాన్ని తీసేసి ‘ఫర్ దిస్ స్ప్రైట్ ఓన్లీ’తో మళ్లీ చేయాలి.

బొమ్మ చుట్టూ తెల్లడబ్బా. పాటతో ఫైలు బరువు

స్నేహితుడు గీసిన పీఎన్‌జీ బొమ్మ వాట్సాప్‌లో ఫోటోగా వచ్చింది. ఫోటోగా పంపితే అది జేపీజీ అవుతుంది, పారదర్శకత పోతుంది. చూడ్డానికే కాదు, తగిలేది కూడా ఆ డబ్బా అంచే. డాక్యుమెంటుగా మళ్లీ పంపించుకోండి.

పాటను స్క్రాచ్ సౌండ్ ఎడిటర్‌లో కత్తిరిస్తే వేవ్‌గా మారుతుంది. 44,100 హెర్ట్జ్, 16 బిట్, మోనోలో ఒక్క నిమిషం సుమారు 5 ఎంబీ. అదే 128 కేబీపీఎస్ ఎంపీ3గా ఒక ఎంబీ లోపే. ముందే బయట కత్తిరించి, ఎంపీ3గా ఎక్కించండి. పాట తడబడి టకటకమంటే ఫరెవర్‌లో ‘స్టార్ట్ సౌండ్’ ఉన్నట్టు, ‘ప్లే సౌండ్ అంటిల్ డన్’ పెట్టండి.

కరెంటు పోయింది, ఆట పోయింది

కంప్యూటర్‌లో వేసుకున్న స్క్రాచ్ యాప్ తనంతట తాను సేవ్ చేయదు. ఒక పని కుదరగానే ‘సేవ్ టు యువర్ కంప్యూటర్’ కొట్టి, బతుకమ్మ-1, బతుకమ్మ-2 అని కొత్త పేరుతో దాచండి. మూడో ఫైలు చెడితే రెండోది ఉంటుంది. ఆ ఎస్‌బీ3 ఫైలు మీద రెండుసార్లు నొక్కితే తెరుచుకోకపోతే అది పాడైనట్టు కాదు. స్క్రాచ్ తెరిచి, ఫైల్ మెనూలో ‘లోడ్ ఫ్రమ్ యువర్ కంప్యూటర్’ నుంచి తీసుకోండి.