పాత సిస్టమ్ ఊకె ఆగిపోతుంటే ముందుగాల ర్యామ్ చూడుండ్రి

మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లుల దుమ్ముల ఉండే పాత డెస్క్‌టాప్ ఊకె బ్లూ స్క్రీన్ చూపిస్తుంటే, విండోస్ మళ్ల ఎక్కించుడు తర్వాత సంగతి. ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొద్దిసేపు ఒత్తిపట్టి, ర్యామ్ (సిస్టమ్ లోపలుండే మెమరీ పట్టీ) బయటికి తీయుండ్రి. కింద బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతోని మెల్లగ రుద్ది, పొట్టు దులపాలె. పెట్టేటప్పుడు క్లిప్పు టక్కుమనాలె, సగం కూసున్న ర్యామే సగం తిప్పలకు కారణం.

అయినా ఆగుతుంటే ఒక్కొక్క ర్యామ్ విడిగ పెట్టి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 సాఫ్ట్‌వేర్ రాత్రంతా నడిపించుండ్రి. ఒక్క ఎర్రర్ వచ్చినా వదిలేయొద్దు. అదే ర్యామ్ వేరే స్లాట్‌ల మంచిగ నడిస్తే తప్పు స్లాట్‌ది. విడిగ బాగుండి కలిపితేనే ఎర్రర్లొస్తే బయోస్‌ల (విండోస్ కంటె ముందు తెరిచే సెట్టింగులల్ల) ఎక్స్‌ఎంపీ, అంటె ర్యామ్‌ను ఎక్కువ స్పీడుల నడిపే సెట్టింగు, ఆపి చూడాలె. వేర్వేరు కంపెనీలవి కలిపినోళ్లకు ఇది మామూలే. కొత్తది కొంటే మన సిస్టమ్‌కు పట్టే ర్యామ్ రకం డీడీఆర్3నా, డీడీఆర్4నా అడిగి తెచ్చుకోండ్రి, ఒకదాని స్లాట్‌ల ఇంకోటి పట్టదు.