పీయూష గ్రంథిలో ఒక సంకేతం దారిని గీసుకోవడం ఎలా?

పీయూష గ్రంథి పాఠం చదివేవారిలో చాలామంది హార్మోన్ల పట్టికను కంఠస్థం చేసి, వారం తిరగకముందే మరిచిపోతారు. దానికంటే ఒక తెల్లకాగితం మీద సంకేతం ప్రయాణాన్ని మొదటి నుంచి చివరిదాకా గీసి చూడడం మేలు. సుమారు అర గ్రాము బరువుతో శనగగింజంత ఉండే ఈ గ్రంథిలో గుర్తుంచుకోవలసిన ప్రధాన మార్గాలు మూడే.

కాగితం పైభాగాన మెదడులోని హైపోథాలమస్ అనే భాగాన్ని, దాని కింద కాడను, కాడ చివర గ్రంథి ముందు లంబికను (ముందు భాగాన్ని) గీయండి. హైపోథాలమస్ నాడీకణాలు వదిలే రసాయనాలు ఒళ్ళంతా తిరిగి రానక్కరలేదు. కాడ వెంట దిగే పోర్టల్ సిరల్లో నేరుగా ముందు లంబికకు చేరతాయి కాబట్టి అతి స్వల్ప మోతాదు కూడా చాలుతుంది.

తర్వాత ముందు లంబికలోని ఒక కణాన్ని పెద్దదిగా గీసి, దాని పొర మీద సంకేతాన్ని అందుకునే గ్రాహకాన్ని ఉంచండి. హైపోథాలమస్ వదిలే రసాయనాల్లో ఒకటైన టీఆర్‌హెచ్ (థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్‌ను విడుదల చేయించేది) మూడు అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడే అయినా, అది పని చేయడానికి కణంలోకి వెళ్ళదు. గ్రాహకాన్ని బయటి నుంచే పట్టుకొని, లోపలివైపున్న జీ-ప్రోటీన్‌ను, అంటే సంకేతాన్ని కణం లోపలికి అందించే ప్రోటీన్‌ను, కదిలిస్తుంది. అది ఏ జీ-ప్రోటీన్ అన్నదే అసలు ప్రశ్న; జీఎస్, జీక్యూ, జీఐ అనే మూడు రకాలే మొదట చెప్పిన మూడు మార్గాలు. సీఆర్‌హెచ్ (ఏసీటీహెచ్ హార్మోన్‌ను విడుదల చేయించేది), జీహెచ్‌ఆర్‌హెచ్ (పెరుగుదల హార్మోన్‌ను విడుదల చేయించేది) అయితే జీఎస్ ద్వారా, కణం లోపల సంకేతాన్ని మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువును పెంచుతాయి. టీఆర్‌హెచ్, జీఎన్‌ఆర్‌హెచ్ (బీజకోశాలను నడిపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లను విడుదల చేయించేది) అయితే జీక్యూ ద్వారా ఫాస్ఫోలైపేజ్-సీ అనే ఎంజైమును పనిలోకి దించి, కణం లోపల నిల్వ ఉన్న కాల్షియంను విడుదల చేయిస్తాయి. హైపోథాలమస్ నుంచే వచ్చే సొమాటోస్టాటిన్, డోపమిన్ జీఐ ద్వారా సైక్లిక్ ఏఎంపీని తగ్గిస్తాయి. పెంచే బాణానికి ఎర్ర సిరా, తగ్గించే బాణానికి నల్ల సిరా వాడండి.

నల్ల బాణం విలువ, పాలు పట్టించే ప్రొలాక్టిన్ హార్మోన్‌ను స్రవించే కణం దగ్గర తెలుస్తుంది. ఆ కణం తనంతట తానే స్రవిస్తూ ఉంటుంది. డోపమిన్ ఆ కణం మీది డీ2 అనే గ్రాహకం మీద కూర్చుని దానికి పగ్గం వేస్తుంది. మీ బొమ్మలో కాడను అడ్డంగా కొట్టేసి చూడండి: ముందు లంబికలోని మిగతా హార్మోన్లు పడిపోతాయి, ప్రొలాక్టిన్ ఒక్కటే పెరుగుతుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ ఇదే డీ2 గ్రాహకాన్ని మూసేస్తుంది కనుక, ఆ మందు వాడుతున్న కొందరికి కాన్పుతో సంబంధం లేకుండానే పాలు పడతాయి. కాబెర్గోలిన్ అనే మందు అదే గ్రాహకాన్ని ప్రేరేపించి ప్రొలాక్టిన్‌ను దించుతుంది.

చివరగా, బొమ్మ కింద ఒక కాలరేఖ గీయండి. చాలామంది వదిలేసేది దీన్నే. హైపోథాలమస్ దెబ్బతిన్న రీసస్ కోతులకు గంటకొకసారి జీఎన్‌ఆర్‌హెచ్ ఇస్తే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తిరిగి వచ్చాయనీ, అదే రసాయనాన్ని ఆపకుండా ఎక్కిస్తే అణగిపోయాయనీ 1978లో శాస్త్రవేత్త ఎర్నెస్ట్ క్నోబిల్ బృందం చూపింది. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో, జీఎన్‌ఆర్‌హెచ్‌లా పనిచేసే ల్యూప్రోలైడ్ మందును ఆపకుండా ఇచ్చి, ఎల్‌హెచ్ నడిపే పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను దించడం ఈ స్వభావాన్ని వాడుకోవడమే. అయితే కాలరేఖ మీద టెస్టోస్టిరాన్ గీతను నేరుగా కిందికి దించకండి. తొలి రోజుల్లో అది కొంత పైకి లేచి, ఆ తర్వాత కొన్ని వారాల్లో పడిపోయేలా వంచి గీయండి.