ఎకరం రేటు తర్వాత, ముందు కౌలు ఎంతో అడగండి

మా ఆఫీసులో లంచ్ టైంలో ఈ మధ్య ఎవర్ని కదిలించినా పొలం ముచ్చటే, రీజినల్ రింగ్ రోడ్డు వస్తుందని చౌటుప్పల్ పక్కన తీస్కున్నా, ఇప్పుడు డబలైంది అంటారు. అమ్మినవా అన్నా అని అడిగితే మాత్రం సప్పుడుండదు.

నేనైతే ఊర్లోకి పోంగనే ఇక్కడ కౌలు ఎంత నడుస్తుంది అని హోటల్ కాడ అడుగుతా. మధ్యవర్తిని కాదు, చాయ్ తాగే రైతుని. ఎకరం 50 లక్షలు చెప్తున్నారు, కౌలు ఏడాదికి 20 వేలు అనుకుందాం, అంటే మీ పైసల మీద ఏడాదికి నూటికి 40 పైసలు వస్తున్నట్టు. అదే 50 లక్షలు బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే మూడున్నర లక్షలు. అంటే మీరు కొంటున్నది పంటని చూసి కాదు, రేపు ఇంకొకడు ఇంకా ఎక్కువకి కొంటాడని, ఆ సంగతి తెలిసి దిగితే ఏం ఇబ్బంది లేదు.

ఆ ఇంకొకడు రావడం మన చేతిలో ఉండదు. అమరావతి చూడండి, 2014లో రాజధాని అనంగనే రేట్లు ఎగిరాయి, 2019 డిసెంబర్‌లో మూడు రాజధానులు అనంగనే కొనేటోడు మాయం, 2024 ఎలక్షన్ల తర్వాత మళ్లీ లేచాయి. ఓపిక పట్టినోళ్లు బయటపడ్డారు సరే, ఆ మధ్యలో బిడ్డ పెళ్లికి అమ్ముకోవాల్సి వచ్చినోడి గతేంటి? అందుకే పదేళ్ల దాకా అవసరం పడని డబ్బైతేనే పెట్టండి, అప్పు తెచ్చి అస్సలొద్దు.

ఇక కాగితాలు. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి ధరణి అనే భూముల పోర్టల్ పోయి భూభారతి వచ్చింది, అందులో సర్వే నంబర్ కొట్టి పేరు, విస్తీర్ణం, నిషేధిత జాబితాలో ఉందా లేదా చూస్కోండి, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయండి. అక్కడితో ఆగొద్దు, తహసీల్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ (అప్పటి భూమి రికార్డు) నుంచి నకళ్లు తీయించి భూమి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వకీలుకి చూపించండి. లావణి పట్టా, అంటే పేదోళ్లకి సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి అని తేలితే అక్కడే దండం పెట్టి వచ్చేయండి, అసైన్డ్ భూమి కొనకూడదని 1977 నుంచి చట్టం ఉంది, నోటరీ మీద రాసిస్తాం అన్నా సరే. అమ్మేటోళ్ల ఇంట్లో ఆడబిడ్డలుంటే వాళ్ల సంతకాలు కూడా కావాల్సిందే, ఇది మర్చిపోయి కోర్టు చుట్టూ తిరిగేటోళ్లు బోలెడుమంది.

పొలం మాత్రం వానాకాలంలో చూడండి. నాకు ఒకసారి మే నెలలో రెండెకరాలు చూపించారు, చదునుగా ముద్దుగా ఉంది, బయానా ఇద్దామని జేబులో చెయ్యి కూడా పెట్టిన, అప్పుడు మా మేనమామ తుమ్మచెట్టు మొదలు చూపించి ఇదేంట్రా అన్నడు. మోకాలెత్తున ఎండిన బురద గీత, చుట్టూ ఉన్న చెట్లన్నిటికీ అదే ఎత్తులో. అది చెరువు శిఖం, అంటే చెరువు నిండితే మునిగే భూమి. ఆగస్టులో పోయి చూస్తే కంచె రాతి కడీలు కూడా కనబడలే, నీళ్లే నీళ్లు. బాట కూడా అంతే, ఊరి నక్షలో (భూముల మ్యాపులో) లేని బాట అంటే పక్క పొలమాయన దయ, ఆయన కొడుకు వచ్చి కంచె వేస్తే మీ పొలంలోకి మీరే పోలేరు.

ఖర్చుల్లో రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వ విలువ మీద ఏడున్నర శాతం కలుపుకోండి. అమ్మేటప్పుడు ఊరి పొలమైతే క్యాపిటల్ గెయిన్స్ టాక్స్ ఉండదు, కానీ పది లక్షల జనాభా దాటిన సిటీ హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపలుంటే పడుద్ది, సిటీ హద్దు జరిగితే ఆ గీత కూడా జరుగుద్ది. అమెరికాలో ఉన్న బావమరిది పైసలు పంపిస్తా, నా పేరు మీద కొను అంటే కుదరదు, ఎన్నారైలకి సాగు భూమి వారసత్వంగా రావొచ్చు గానీ కొనడానికి లేదు. మీ పేరు మీద కొని ఉంచు అంటాడు తర్వాత, అప్పుడు ఫోన్ పెట్టేయండి.